తిప్పతీగను గుర్తుపట్టడం, నాటడం, జాగ్రత్తగా వాడుకోవడం ఎలా?

మా ప్రహరీ పక్కన వేపచెట్టు మీదికి తిప్పతీగ పాకి ఉంది. 2020లో కరోనా మొదలైన తర్వాత దాని కోసం గేటు తట్టినవారికి లెక్కలేదు. కొందరు సంచి తెచ్చుకుని ఆకులు కోసుకునేవారు, కొందరు మూరెడు తీగ ఇస్తే చాలనేవారు. దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: "రోజూ ఎంత తాగాలండీ?" ఎన్నాళ్ళు తాగాలి, ఎప్పుడు ఆపాలి, ఎవరు తాగకూడదు అని అడిగినవారు నాకు గుర్తులేరు. మన పెద్దలు దీన్ని జ్వరం వచ్చినప్పుడు వాడారు, తగ్గగానే మానేశారు. పొద్దున్నే కాఫీలాగా ఏళ్ళ తరబడి తాగే అలవాటు ఈమధ్య వచ్చింది. ఇబ్బందులన్నీ అక్కడే మొదలయ్యాయి. అందుకే ఇక్కడ నాటడం, వాడటంతో పాటు ఆపడం గురించి కూడా అంతే వివరంగా రాస్తున్నాను.

ముందు గుర్తుపట్టండి

ఆకు హృదయాకారంలో ఉంటుంది, తమలపాకులాగే కనిపిస్తుంది. కేవలం ఆకు చూసి నమ్మితే మోసపోతారు, ఎందుకంటే ఆ ఆకారంలో ఆకులుండే తీగలు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. తొడిమ పొడవుగా ఉంటుంది, అది తీగకు అతుక్కునే చోట కాస్త ఉబ్బి చిన్న మెలిక తిరిగి ఉంటుంది. ఆ మెలికను వేలితో తడిమి చూడండి. తర్వాత తీగను చూడండి. లేత తీగ నున్నగా, పచ్చగా ఉంటుంది. ముదిరిన తీగ మీద బూడిద, గోధుమ రంగు కలిసిన పలుచని పొర కాగితంలా లేచి ఉంటుంది. దాన్ని గోటితో గీరితే కింద ఆకుపచ్చ కనిపిస్తుంది. పైన చెట్టు కొమ్మల నుంచి దారాల్లాంటి ఊడలు నేలవైపు వేలాడుతుంటాయి.

చివరి పరీక్ష కత్తితో. వేలెడు లావున్న తీగను అడ్డంగా కోసి వెలుతురులో పట్టుకోండి. మధ్య నుంచి అంచుకు గీతలు గీసినట్టు బండిచక్రం ఊచలు కనిపిస్తాయి. సంస్కృతంలో దీనికి చక్రలక్షణ అన్న పేరు ఇందుకే వచ్చింది. గుడూచి, అమృత అన్న పేర్లు చాలామందికి తెలుసు, ఛిన్నరుహ అన్నది అంతగా వినబడదు. కోసినా మళ్ళీ మొలిచేది అని దానర్థం. నిజంగానే ఒక ముక్కను నీడలో తాడుకు కట్టి వదిలేస్తే కొన్ని వారాల తర్వాత, మట్టి లేకుండానే, కణుపు దగ్గర పచ్చటి మొలక తొంగిచూస్తుంది. రామరావణ యుద్ధంలో చనిపోయిన వానరులపై ఇంద్రుడు అమృతం చల్లితే, వారి ఒంటి మీద నుంచి చుక్కలు పడిన చోటల్లా ఈ తీగ పుట్టిందని భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథంలో కథ ఉంది. ఇలా ఎండకుండా బతికే గుణం చూసినవారికి ఆ కథ ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక పొరపాటు పడే చోట్లు. తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. దీనికి దగ్గర చుట్టం టినోస్పోరా క్రిస్పా. దాని తీగ మీద గరుకైన బుడిపెలు ఒత్తుగా ఉంటాయి, కోస్తే పాలలాంటి ద్రవం వస్తుంది, పండు కోలగా నారింజ రంగులో ఉంటుంది. మనకు కావలసిన తిప్పతీగకు అలాంటి బుడిపెలుండవు, పాలు కారవు, పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. పండు కనబడలేదని కంగారు పడకండి. ఇందులో ఆడ, మగ తీగలు వేరువేరు, మగతీగ ఎన్నేళ్ళున్నా కాయదు. ఆకు అడుగున, లేత తీగ మీద మెత్తటి నూగు ఉంటే అది ఇంకో జాతి, వదిలేయండి.

నేను మరీ మరీ హెచ్చరించేది గాడిదగడపాకు గురించి. నల్లరేగడి చేలల్లో నేలబారుగా పాకే చిన్న మొక్క అది. ఆకులు దాదాపు ఇదే ఆకారంలో ఉండి, నలిపితే చెడు వాసన వస్తుంది. అందులో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు కూడా కారణమవుతుంది. నేలమీద పాకేది ఏదైనా ఆకు చూసి కోసుకోవద్దు. అనుమానం తీరకపోతే వ్యవసాయ కళాశాలలో గానీ డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో గానీ ఒక కొమ్మ చూపించండి. నర్సరీలో కొన్నా సరే, తీగను కోసి చక్రం చూసుకున్నాకే వాడండి.

నాటడం

ఇంత సులువుగా బతికే మొక్క మరొకటి చూపించడం కష్టం. తొలకరి వానలు పడ్డాక, జూన్, జులై నెలల్లో నాటితే మీరు చేయవలసిన పని పెద్దగా ఉండదు. పెన్సిల్ కంటే లావుగా ఉన్న ముదురు తీగను జానెడు ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కకు కనీసం రెండు కణుపులుండాలి. కింది వైపు ఏటవాలుగా, పై వైపు తిన్నగా కోస్తే ఏది తల, ఏది మొదలు అన్న తికమక ఉండదు. తలకిందులుగా నాటితే సరిగా మొలవదు కాబట్టి ఈ గుర్తు అవసరం. కోసిన రోజునే నాటడం మంచిది.

ఒక కణుపు మట్టిలోకి, ఒకటి పైకి ఉండేలా గుచ్చండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు చాలు. మట్టి తేమగా ఉండాలి గానీ నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే ముక్క కింది నుంచి మెత్తబడి కుళ్ళిపోతుంది. నెల, నెలన్నరలో చిగురు బాగా సాగుతుంది. మేడ మీద పెంచేవారికి అడుగున రంధ్రాలు చేసిన పాత పెయింటు డబ్బా సరిపోతుంది. పాకడానికి గట్టి తాడు గానీ కర్రల పందిరి గానీ ముందే కట్టండి, ఆధారం దొరకకపోతే పక్క కుండీల మీద పడుతుంది. ఎరువు మందులు, పురుగు మందులు దీనికి వద్దు. మనం మింగబోయే మొక్క ఇది.

వేపమీది తిప్పతీగే మంచిదని మన దగ్గర గట్టి నమ్మకం. కానీ తిప్పతీగ పరాన్నజీవి కాదు, దీని వేర్లు మట్టిలోనే ఉంటాయి, వేప సారాన్ని పీల్చుకోదు. నేను వేపను ఎంచుకోమనడానికి కారణం వేరే. బెరడు గరుకుగా ఉండి పట్టు దొరుకుతుంది, చెట్టు పెద్దదై బరువు మోస్తుంది. లేత మామిడి, చిన్న నిమ్మ చెట్ల మీదికి మాత్రం ఎక్కనివ్వకండి, రెండు మూడేళ్ళలో కప్పేసి వెలుగు తగలకుండా చేస్తుంది. విషముష్టి, గన్నేరు లాంటి వాటి మీద పాకినది మందుకు తీసుకోవద్దని పెద్దలు చెప్పేవారు. కోసేటప్పుడు రెండు తీగలు కలిసిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ మాట పాటించవలసిందే. మురుగు కాలువ పక్కన, వాహనాల పొగ పట్టే రోడ్డు పక్కన పెరిగినదీ వద్దు.

బత్తాయి రైతులకు ఒక మాట. నల్గొండ, అనంతపురం వైపు తోటల్లో రాత్రిపూట పండుకు రంధ్రం చేసి రసం పీల్చే రెక్కల పురుగు మీకు తెలిసిందే. దాని గొంగళిపురుగులు పెరిగేది తిప్పతీగ, దూసరతీగల ఆకుల మీద. అందుకే తోట చుట్టూ ఈ తీగలు తీసేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. బత్తాయి, దానిమ్మ తోట దగ్గరలో తిప్పతీగ పెంచకండి. పెరట్లో ఒకటి రెండు తీగలున్నవారు వానాకాలంలో ఆకులు తిరగేసి చూసుకోండి. ఒంటి పక్కన కళ్ళలాంటి గుండ్రటి మచ్చలున్న గొంగళిపురుగు కనిపిస్తే ఏరి పారేస్తే సరిపోతుంది.

ఎండాకాలంలో ఆకు రాల్చేస్తే చచ్చిపోయిందనుకుని పీకేయకండి. వానకు మళ్ళీ చిగురిస్తుంది.

కోయడం, వాడటం

ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణ గ్రంథంలో, మందుగా చెప్పింది ముదిరిన తీగను. ఆకులు నమలడం జనంలో ఎక్కువగా వ్యాపించింది గానీ, గుడూచి అన్నప్పుడు వైద్యుడు ఉద్దేశించేది కాండాన్నే. నాటిన రెండేళ్ళకు చిటికెన వేలి లావు దాటిన తీగ కోతకు వస్తుంది. నేల నుంచి రెండు మూరలు వదిలి పై భాగం కోస్తే మొదలు మళ్ళీ అందుకుంటుంది.

పాత గ్రంథాల్లో దీనికి జ్వరం తర్వాత ముఖ్యంగా చెప్పింది వాతరక్తం, అంటే కీళ్ళు వాచి మండే జబ్బు. బుద్ధిని పెంచే నాలుగు రసాయనాల్లో (ఆయుర్వేదంలో ఒంటికి బలమిచ్చే మందులను ఇలా అంటారు) గుడూచి రసాన్ని చరకుడు చేర్చాడు. నేతితో వాతానికి, చక్కెరతో పిత్తానికి, తేనెతో కఫానికి, బెల్లంతో మలబద్ధకానికి, ఆముదంతో వాతరక్తానికి, శొంఠితో ఆమవాతానికి అని ఒకే శ్లోకంలో దీని అనుపానాలన్నీ, అంటే మందుతో కలిపి తీసుకోవలసినవన్నీ ఉన్నాయి. ఇదంతా సంప్రదాయం చెప్పిన మాట. ఆధునిక పరీక్షల విషయానికొస్తే, అలర్జీ తుమ్ముల మీద, మరికొన్నిటి మీద చిన్న స్థాయిలో జరిగాయి. ఒక జబ్బుకు ఖాయంగా పనిచేస్తుందని చెప్పడానికి అవి సరిపోవు. డెంగీకి ఇది మందని వాట్సాప్‌లో వచ్చే సందేశాలను నమ్మి ఇంట్లో కూర్చోవద్దు. జ్వరం రెండు మూడు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించాలి, ఏ కషాయమూ దానికి బదులు కాదు.

కషాయం కాచే పద్ధతి ఇది. చిటికెన వేలి లావున్న జానెడు ముక్క తీసుకోండి, తూకానికి 20 గ్రాములుంటుంది. కడిగి, పైన కాగితంలాంటి పొర గీరేసి, చిన్న ముక్కలు చేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. వేళ్ళకు జిగురు అంటుతుంది. రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత పెట్టకుండా సన్నని సెగ మీద అరగ్లాసుకు దిగే వరకు మరిగించి వడకట్టండి. ఇనుప గిన్నె వద్దు, స్టీలు గానీ మట్టిపాత్ర గానీ వాడండి. పెద్దవారికి ఇది ఒక రోజు మోతాదు. చేదు నాలుక మీద కంటే గొంతులో ఎక్కువసేపు నిలుస్తుంది. మిగిలినది మర్నాటికి దాచకండి. జలుబు జ్వరం తగ్గాక నోరు చప్పబడి, ఆకలి మందగించినప్పుడు మూడు నాలుగు రోజులు, మహా అయితే వారం. ఇంట్లో నేను పెట్టుకున్న హద్దు అది. దాని కంటే ఎక్కువ కాలం కావాలంటే నాడి చూసి, మీ మందుల చీటీ చదివే ఆయుర్వేద వైద్యుడు చెప్పాలి.

తిప్పసత్తు

తీగను దంచి నీళ్ళలో పిసికి, అడుగున పేరుకున్నదాన్ని ఆరబెట్టి తీసే తెల్లటి పొడి ఇది. చేసి చూపించేవారు తగ్గిపోతున్నారు కాబట్టి ఓపికగా రాస్తాను. చలికాలంలో చేయండి, ఎండాకాలమైతే నానబెట్టిన నీళ్ళు పులిసిపోతాయి.

బొటనవేలి లావున్న పచ్చి తీగ ఒక కిలో తీసుకోండి. సన్నటి తీగలో పిండి పదార్థం తక్కువ, శ్రమ దండగ. పొర గీరి, రెండంగుళాల ముక్కలు కోసి, రోట్లో నార విడిపోయేలా దంచండి. వెడల్పాటి గిన్నెలో వేసి నాలుగు లీటర్ల మంచినీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున రెండు చేతులతో బాగా పిసకండి. తెల్లటి నురుగు లేస్తుంది, నీళ్ళు కుడితిలా మడ్డిగా మారతాయి. పావుగంట, ఇరవై నిమిషాలు పిసికితే గానీ నారలో ఉన్నది బయటకు రాదు. నారను గట్టిగా పిండి పారేసి, నీళ్ళను పలుచని నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి.

ఇప్పుడు ఆ గిన్నెను ఎవరూ కదపని చోట నాలుగైదు గంటలు పెట్టండి. అడుగున లేత బూడిద రంగు పొర పేరుకుంటుంది. పైన తేరిన నీళ్ళను గిన్నె మెల్లగా వంచి తీసేయండి. తొందరపడితే సగం సత్తు నీళ్ళతో పోతుంది. మళ్ళీ మంచినీళ్ళు పోసి కలిపి, మళ్ళీ పేరుకోనిచ్చి, మళ్ళీ వంచండి. ఇలా రెండు మూడుసార్లు కడిగితే పొర తెల్లబడుతుంది. చివరి మడ్డిని పళ్ళెంలో పలుచగా పరిచి, పైన గుడ్డ కప్పి ఆరబెట్టండి. ఎండాక పెచ్చులుగా లేస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే బియ్యప్పిండి కంటే మెత్తగా జారుతుంది. కిలో తీగకు 20, 30 గ్రాములు వస్తే బాగా వచ్చినట్టు.

ఇంత తక్కువ వస్తుంది కాబట్టే బజారులో కల్తీ ఎక్కువ. అయోడిన్ చుక్క వేసి పరీక్షించుకోవచ్చని కొందరు చెబుతారు, అది పనికిరాదు. తిప్పసత్తులో అధిక భాగం పిండి పదార్థమే, మైదాలాగే అదీ నీలంగా మారుతుంది. నమ్మకమైన చోట కొనాలి, లేదా ఇలా చేసుకోవాలి. ఒంట్లో వేడి, అరచేతులు అరికాళ్ళ మంటలకు దీన్ని చిటికెడు పటిక బెల్లం పొడితోనో పాలతోనో ఇవ్వడం మన వైద్యుల వాడుక. కింద చెప్పబోయే హద్దులు దీనికీ వర్తిస్తాయి.

ఎవరు తాగకూడదు, ఎప్పుడు ఆపాలి

2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య ముంబయిలో ఆరుగురు కాలేయం దెబ్బతిని వైద్యుల దగ్గరకు వచ్చారు. అందరూ తిప్పతీగ వాడుతున్నవారే. 2022లో దేశంలోని 13 వైద్య కేంద్రాల వైద్యులు కలిసి ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. వాడటం మొదలుపెట్టిన దగ్గర నుంచి లక్షణాలు కనబడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 46 రోజులు. ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయంపై దాడి చేసినట్టు చాలామందిలో కనిపించింది. అదే ఏడాది ఆయుష్ మంత్రిత్వ శాఖ, అసలైన తిప్పతీగ సురక్షితమేనని, హానికరమైనది టినోస్పోరా క్రిస్పా కావచ్చని వివరణ ఇచ్చింది. వాదన సంగతి అలా ఉంచండి. మీ చేతిలోని తీగను సరిగా గుర్తుపట్టడం ఒకటి, నెలల తరబడి తాగకపోవడం ఒకటి, ఈ రెండూ పాటించడానికి ఆ వాదన తేలేదాకా ఆగనక్కర్లేదు.

కొందరు అసలు ముట్టుకోకూడదు. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, హాషిమోటో థైరాయిడ్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిపై దాడి చేసే జబ్బులున్నవారు మొదటివారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి: కీళ్ళ వాపుకు మంచిదని పేరున్న మందు ఇది, కీళ్ళ వాపు ఉన్నవారిలోనే రుమటాయిడ్ రోగులూ ఉంటారు. కీళ్ళనొప్పులని పక్కింటివారు అడిగితే తీగ కోసి ఇచ్చే ముందు ఆ నొప్పి ఏ రకమో పరీక్ష చేయించుకున్నారా అని అడగండి. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు, అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారు కూడా దూరంగా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లల విషయంలో భద్రత రుజువు కాలేదు కాబట్టి వద్దు. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో తీసుకునేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు, వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టకండి. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మానేయండి.

తాగుతున్న రోజుల్లో అన్నం సయించకపోయినా, వికారంగా ఉన్నా, ఒళ్ళంతా దురద పుట్టినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, కళ్ళ తెల్లగుడ్డు పచ్చబడినా ఆ పూటే ఆపేయండి. ఇంకో నాలుగు రోజులు చూద్దామనుకోవద్దు. పసిరిక మందు కోసం వెతకకుండా వైద్యుడి దగ్గరకు వెళ్ళి కాలేయ పరీక్ష, అంటే ఎల్‌ఎఫ్‌టీ చేయించుకోండి. ఆపేసినవారిలో ఎక్కువమంది కోలుకున్నారు, అప్పటికే కాలేయ జబ్బు ఉన్నవారిలో పరిస్థితి విషమించింది. చాలామంది ఆకు పసరు, కషాయం మందు కింద లెక్క కాదనుకుని వైద్యుడికి చెప్పరు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగినప్పుడు తిప్పతీగ పేరు కూడా చెప్పండి. మీరు వాడిన తీగ ముక్కో, మాత్రల డబ్బానో వెంట తీసుకెళ్ళండి.

మా గేటు తట్టేవారికి ఇప్పుడు నేను ఆకులు ఇవ్వడం మానేశాను. రెండు కణుపుల ముక్క కోసి, ఏటవాలుగా ఉన్న కోత కిందికి పెట్టి నాటుకోమని చేతిలో పెడుతున్నాను. అది కోతకు రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఈలోగా ఇంట్లో ఎవరికి ఏ జబ్బుంది, ఏ మందులు వాడుతున్నారు అన్నది కనుక్కుని రమ్మని చెబుతున్నాను.